బ్రేకు మీద పసుపు

మా ఆయన ఒంటి చెప్పుతో ఇంటికి వచ్చిన రోజు ముందుగా నవ్వింది నేనే. మధ్యాహ్నం పూట పెరుగు కోసమని సందు చివరి దుకాణానికి నడిచి వెళ్లాడు. తిరిగి వచ్చేసరికి ఎడమ కాలికి చెప్పు ఉంది, కుడి కాలికి లేదు.

"రెండోది ఎవలకు దానమిచ్చినవయ్యా?" అన్నాను.

ఆయన కిందికి చూసుకున్నాడు. ఆ చూపుతో నా నవ్వు ఆగిపోయింది. కాలికి చెప్పు లేదన్న సంగతి నేను అడిగాకే ఆయనకు తెలిసింది. బయట రోడ్డు పెనంలా కాలుతోంది, నేనైతే నాలుగడుగులు కూడా వేయలేను.

"తెగింది, పారేసిన" అన్నాడు. అబద్ధం చెప్పడం ఆయనకు ఎప్పుడూ చేతకాదు. మాట పూర్తయ్యేలోపే ఎదురింటాయన ఆ చెప్పును ఒక కవరులో పెట్టుకుని వచ్చాడు. "అన్నా, నీ చెప్పు ఊడి పడ్డది, పిలుస్తాంటె ఇనకుంటనే పోతివి" అని గడప దగ్గర పెట్టి వెళ్లాడు. చెప్పు ఎక్కడా తెగలేదు.

ఆయనకు చక్కెర జబ్బు పాతదే. మాత్రలు వేసుకోవడం, మానేయడం, నేను అరిస్తే మళ్లీ వేసుకోవడం, ఇలాగే ఏళ్లు గడిచాయి. ఈసారి మాత్రం నేను ఊరుకోలేదు, పట్టుబట్టి దవాఖానకు తీసుకుపోయాను. డాక్టరు కుడి పాదం మీద ఏవేవో పెట్టి చూశాడు, పొడిచి చూశాడు. అరికాల్లో, వేళ్లలో స్పర్శ చాలావరకు పోయిందన్నాడు. ఎడమ కాలు ఇంకా నయమేనన్నాడు. ఒట్టి కాళ్లతో నడవొద్దు, రోజూ పాదాలు చూసుకోవాలి అంటూ జాగ్రత్తలన్నీ చెప్పి, చివర్లో "బండి నడుపుతారా?" అని అడిగాడు. కిరాయికి కారు నడుపుతాడని నేనే చెప్పాను. "ఆపేయండి" అన్నాడు. మా ఆయన కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు, ఆ మాట పక్క రోగికి చెప్పినట్టు.

ఇంటికి వచ్చాక నాతో ఒకే ఒక్క మాట అన్నాడు. "బిడ్డకు చెప్పకు. అల్లునికి అసలే చెప్పకు."

ఆ కారు ఆయనకు ఏమిటో నాకు తెలుసు. నేను ఈ ఇంటికి కోడలిగా వచ్చేనాటికి ముందుగదిలో గుంట మగ్గం ఉండేది. గుంటలో కాళ్లు పెట్టి, కిందనున్న తొక్కుడు చెక్కల్ని ఒకదాని తర్వాత ఒకటి తొక్కుతూ జంపఖానాలు నేసేవాడు. కన్ను నేత మీద ఉండేది, చేయి పోగును అటూ ఇటూ ఆడించే నాడె మీద ఉండేది, కాళ్లు వాటి పని అవి చేసుకుపోయేవి. మగ్గం గిట్టుబాటు కాక మూలపడ్డాక, నలభై దాటిన వయసులో డ్రైవింగ్ నేర్చుకున్నాడు. ముందు పరాయి బండ్లు తోలి, తర్వాత పాతదే అయినా సొంత కారు కొన్నాడు. నేను బడిలో పిల్లలకు తెలుగు చెప్పి తెచ్చే జీతం, ఆయన కిరాయిలు, రెండూ కలిస్తేనే బిడ్డ చదువూ పెళ్లీ అయ్యాయి. మగ్గం పోయినప్పుడు ఆయన చాలాకాలం ఎవరితోనూ మాట్లాడలేదు. కారు వచ్చాకే మళ్లీ మనిషయ్యాడు. అందుకే డాక్టరు మాట విన్నప్పుడు నాకు ఆయన కాలి గురించి కంటే ఆయన గురించే ఎక్కువ భయం వేసింది.

అయితే ఆ భయాన్ని మించిన భయం ఇంకొకటి ముందు కూర్చుని ఉంది. నర్సంపేటలో కాపురం ఉంటున్న మా ఒక్కగానొక్క బిడ్డకు ఏడో నెల వచ్చింది. మొదటి కాన్పు తల్లిగారింట్లో జరగాలి. తండ్రి స్వయంగా వెళ్లి, సకినాలూ గారెలూ అక్కడ పెట్టి, బిడ్డను తోలుకుని రావాలి. అయ్యగారు మంచిరోజు చెప్పారు. పగటి పూట దుర్ముహూర్తం రాకముందే బిడ్డ అత్తగారి గడప దాటాలన్నారు. ఆ దారంతా కారు తనే తోలుతానని కూర్చున్నాడు ఈయన.

"కిరాయి డ్రైవర్ను పెట్టుకుందాం" అన్నాను.

"నా కారుల నా బిడ్డను ఎవడో తోలుకొస్తడా?"

"పోనీ అల్లున్నే తోల్కరమ్మందాం."

"ఊకో. మొదటి కాన్పుకు అల్లుడే తెచ్చి దించిపోతె నలుగురు ఏమంటరు? ఇజ్జత్ ఉంటదా?"

ఈ ఇజ్జత్ అనే మాట మా ఇంట్లో చాలా పనుల్ని ఆపింది, చాలా పనుల్ని చేయించింది. నాకు దాని మీద ఎప్పుడూ కోపమే. కానీ ఆ రోజు నేను గట్టిగా వాదించలేకపోయాను. ఆయన గొంతులో పంతం కంటే బతిమాలుకోవడం ఎక్కువగా వినిపించింది.

ప్రయాణానికి ముందురోజు సాయంత్రం ఒక డబ్బా పట్టుకుని వచ్చాడు. విప్పి చూస్తే తళతళలాడే మూడు అల్యూమినియం పలకలు, వాటి మీద వరసలుగా నల్లటి రబ్బరు గుండీలు, ఒక పొట్లంలో చిన్న చిన్న మరలు, ఒక వంకర తాళంచెవి లాంటిది. కారు పెడల్స్ మీద బిగించుకునేవట. కుర్రకారు తమ కార్లకు సోకు కోసం పెట్టుకునే వస్తువులు.

"ఈ వయసుల ఈ షోకేందయ్యా? రేపు కారుకు రంగు లైట్లు గూడ పెడ్తవా?" అన్నాను.

"షోకు కాదే. ఇగో, ఈ గుండీలు చూడు. పాత రబ్బరు సాఫుగ అరిగిపోయింది, కాలుకు తెలుస్తలేదు. ఇవి గట్టిగ గుచ్చుకుంటయ్. గుచ్చుకుంటె తెలుస్తది."

కాలుకు తెలియడం లేదని ఆయన నోటితో అనడం అదే మొదటిసారి. అదీ తప్పు రబ్బరుదన్నట్టుగా. తెలిసిన మెకానిక్ దగ్గరికి ముందే వెళ్లాడట. "కంపెనీ రబ్బరే మంచిగుంటది కాకా, ఇవి ఊకె చూపుకు" అని బిగించడానికి ఒప్పుకోలేదట. అందుకని తనే బిగిస్తానని కూర్చున్నాడు. మగ్గానికి చెక్క విరిగినా, తాడు తెగినా ఎవరినీ పిలవకుండా తనే సరిచేసుకున్న మనిషి. ఇదీ అలాంటిదే అనుకున్నాడు.

కారు తలుపు తెరిచి, సీటు వెనక్కి జరిపి, వెల్లకిలా పడుకుని స్టీరింగ్ కిందికి తల దూర్చాడు. నేను రోడ్డు మీద మోకాళ్ల మీద కూర్చుని ఫోను లైటు పట్టాను. పాత రబ్బరును స్క్రూడ్రైవరుతో ఊడబెరికితే తుప్పు రాలి ఆయన కళ్లలో పడింది. క్లచ్ మీది పలక సులభంగానే కూర్చుంది. బ్రేకు పలక పాతదాని కంటే వెడల్పు. దాన్ని ఎలా జరిపినా ఒక అంచు బయటికి వస్తోంది. వెనకవైపు పట్టీ తగిలించి మర బిగించాలి, అక్కడ చేయి పట్టదు. రెండుసార్లు మర కింద పడిపోయింది. రెండోసారి నేనే చీకట్లో తడిమి వెతికి ఇచ్చాను.

"గట్టిగ బిగుసుకుందా?"

"బిగుసుకుంది."

"ఊగుతలేదు గదా?"

"ఎన్నిమాట్లు అడుగుతవే? నువ్వే చూడు."

చేయి పెట్టి చూశాను. ఊగలేదు. కానీ బ్రేకుకూ దాని పక్కనున్న ఎక్సలేటరుకూ మధ్య జాగా ఇంతకుముందు కంటే తగ్గింది. ఆ మాటే అన్నాను. "కాలు దేని మీదున్నదో తెలుస్తె చాలు, జాగతోని పనేంది?" అన్నాడు. ఎక్సలేటరు పలక కింది అంచు కాళ్ల కింద పరిచిన మ్యాటుకు రాసుకుంటోందని మ్యాటు తీసి బయట పడేశాడు. ఒట్టి నేల మిగిలింది.

ఇక సీట్లో కూర్చుని, చెప్పులు విడిచి, కుడి కాలు బ్రేకు మీద పెట్టాడు. మగ్గం మీదికి చెప్పులతో ఎక్కే నేతగాడు ఉండడు. కారు కూడా ఆయనకు అలాగే అలవాటైంది, చెప్పులు సీటు కిందికి తోసి ఒట్టి కాళ్లతోనే తోలుతాడు. డాక్టరు వద్దన్నా మానలేదు. నొక్కాడు, వదిలాడు, మళ్లీ నొక్కాడు.

"తెలుస్తాంది!" అన్నాడు. ఆ ముఖం చూసి నాకు ఏడుపొచ్చినంత పనైంది. "గుండీలు తెలుస్తానయే! చెప్పలే నీకు?"

నేనూ సంతోషించాను, అబద్ధం ఎందుకు. కానీ ఒక సంగతి చూశాను. నొక్కిన ప్రతిసారీ ఆయన తల వంచి తన పాదం వంకే చూస్తున్నాడు.

"చూడకుంట తొక్కు" అన్నాను.

కళ్లు పైకెత్తి తొక్కాడు. కాలు సరిగ్గా బ్రేకు మీదే పడింది. "సరేనా మేడం? పాసా?" అన్నాడు. మరి ఏమనాలి నేను? పాసే అన్నాను.

తెల్లారి తలంటు పోసుకుని బయలుదేరబోతుంటే ఆయనకు పసుపు గుర్తొచ్చింది. మా అత్తగారి నాటి నుంచీ ఇంట్లో ఒక పద్ధతి ఉంది. మగ్గానికి కొత్త చెక్క ఏది వేసినా, దాన్ని కాలితో తొక్కబోయే మనిషే ముందు చేత్తో పసుపు రాసి, బొట్టు పెట్టి, కళ్లకద్దుకోవాలి. అన్నం పెట్టే దాన్ని కాలితో తొక్కుతున్నందుకు మొక్కు అది. మగ్గం పోయాక ఆ పని చేసే అవసరం రాలేదు. ఇప్పుడు కాలి కింద మూడు కొత్త పలకలు ఉన్నాయి, పైగా శుభకార్యానికి పోతున్నాం. ఆయన గిన్నెలో పసుపు తీసుకుని నీళ్లతో కలిపి రాశాడు. చెక్క మీద పట్టినట్టు ఆ నున్నటి అల్యూమినియం మీద పట్టలేదు, జారిపోయింది. దేవుడి గూట్లోని నూనె సీసా తెచ్చి అందులో కలిపి మెత్తగా రాశాడు. అప్పుడు అంటుకుంది. మూడింటికీ కుంకుమ బొట్లు పెట్టి, చేతులు కళ్లకద్దుకున్నాడు. చెక్క నూనెను తాగేస్తుంది, లోహం తాగదు. అది మా ఇద్దరిలో ఎవరికీ తట్టలేదు.

నేను ముందు సీట్లో ఆయన పక్కనే కూర్చున్నాను. వెనక సీటు నిండా సకినాల డబ్బాలు, చీర, పండ్లు. ఎనుమాముల మార్కెట్ దగ్గర ఎప్పటిలాగే మిర్చి బస్తాల లారీలు రోడ్డు మీదికి వరస కట్టి ఉన్నాయి. గాలి నిండా ఘాటు. తుమ్ముతూ, కళ్లు తుడుచుకుంటూ, లారీల వెనక అంగుళం అంగుళం కదులుతున్నాం. ఆగడం, కదలడం, మళ్లీ ఆగడం. ప్రతిసారీ ఆయన కిందికి చూసి తొక్కుతున్నాడు. నేను చూస్తున్నానని తెలిసి చూడనట్టు నటిస్తున్నాడు.

ఉన్నట్టుండి బండి ఎగిరి పడి ఆగిపోయింది. "క్లచ్ జారుతాంది జర. నూనె ఎక్కువైంది" అన్నాడు. పక్కకు ఆపి, గుడ్డ తీసి, వంగి క్లచ్ పలకను శుభ్రంగా తుడిచాడు. ఎడమ అరికాలు కూడా తుడుచుకున్నాడు.

"బ్రేకు గూడ తుడువు" అన్నాను.

"దానికేమైంది? అది మంచిగనే ఉన్నది. జారుతలేదు."

గుడ్డ పక్కన పడేసి బండి తీశాడు. నేను మళ్లీ అనబోయేసరికి వెనక లారీ హారన్ కొట్టింది. పూజ చేసిందాన్ని అవసరం లేకుండా తుడవడం ఎందుకులే అని నాకు నేనే చెప్పుకున్నాను.

మార్కెట్ దాటాక రోడ్డు ఖాళీ అయింది. ఆలస్యమైందని వేగం పెంచాడు. అటూ ఇటూ మిరప చేన్లు ఎర్రగా ఉన్నాయి. మా ముందు ఒక ఆటో పోతోంది, మిరపకాయలు ఏరడానికి వెళ్లే కూలీ ఆడవాళ్లతో నిండిపోయి. లోపల జాగా లేక వెనకవైపు ఇద్దరు మా వంక తిరిగి కూర్చున్నారు, కాళ్లు బయటికి వేలాడేసుకుని. ఒకామె తలకు తువ్వాలు చుట్టుకుంది. ఇంకొకామె వయసులో చిన్నది, ఏదో తింటోంది. ఆయన ఇప్పుడు కిందికి చూడటం లేదు. ఆ వేగంలో ఎవరూ చూడలేరు, రోడ్డునే చూడాలి.

రోడ్డు అవతలి పక్కన చేయెత్తి నిలబడ్డ మరో కూలీ ఆమె కోసం ఆటో టక్కున ఆగింది.

"ఆపు" అన్నాను.

"ఆపుతాన."

బండి ఆగలేదు. వేగం ఇంతైనా తగ్గలేదు. ఆ ఇద్దరు ఆడవాళ్లూ దగ్గరికొచ్చేస్తున్నారు. తింటున్నామె నోటి దగ్గర చేయి అలాగే ఆగిపోయింది.

"ఆపయ్యా!"

"తొక్కిన! తొక్కిన! బ్రేకు పడుతలేదు!"

నేను కిందికి చూశాను. ఆయన తొడ బిగుసుకుని ఉంది, మోకాలు వణుకుతోంది, ఉన్న బలమంతా పెట్టి తొక్కుతున్నాడు. పాదం మాత్రం బ్రేకు మీద లేదు. పక్కకు జారి ఒట్టి నేలను తొక్కుతోంది. పసుపు మరక పాదం అంచు వరకు పాకి ఉంది.

"కాలు కిందున్నది!" అని అరిచి, రెండు చేతులతో హ్యాండ్ బ్రేకు పట్టి పైకి గుంజాను. ఆయన స్టీరింగ్ ఎడమకు తిప్పేశాడు. బండి కేకపెట్టినట్టు అడ్డంగా జారి, రోడ్డు దిగి, మట్టిలో కొంతదూరం పోయి చేను గట్టుకు ముక్కు ఆనించి ఆగింది. వెనక డబ్బా మూత ఊడి సకినాలు సీటంతా చెల్లాచెదురయ్యాయి. దుమ్ము అణిగేదాకా నాకేమీ కనబడలేదు. నేను ముందు వెతికింది ఆ వేలాడే కాళ్ల కోసం. ఉన్నాయి. ఆటో నిలబడే ఉంది, ఎవరికీ ఏమీ కాలేదు.

కూలీ ఆడవాళ్లు దిగివచ్చి మమ్మల్ని తిట్టిన తిట్లు ఇక్కడ రాయలేను, రాయాల్సినవే అయినా. "కండ్లు నెత్తికెక్కినయా? మేం మనుషులం గామా?" అని తువ్వాలు చుట్టుకున్నామె బానెట్ మీద అరచేత్తో బాదింది. ఆయన తల దించుకుని కూర్చున్నాడు. వాళ్లు వెళ్లిపోయారు. చిన్నామె మాత్రం ఆటో కదిలేదాకా మా వంకే చూస్తూ ఉంది. ఆ ముఖం నాకిప్పటికీ కళ్లముందే ఉంది.

కాసేపటికి ఆయన వంగి బ్రేకు పలకను చేత్తో ముట్టుకున్నాడు. వేళ్లు జారాయి. "నూనె" అన్నాడు. ఆ మాటలో ప్రాణం లేచొచ్చినట్టుంది. "చూసినవా? నూనె. గందుకే జారింది. కాలు తప్పు కాదు."

"మరి జారినట్టు నీకు తెలిసిందా?"

వేళ్లకు అంటిన నూనెను చొక్కాకు తుడుచుకున్నాడు.

"క్లచ్ మీద జారితె తెలిసింది గదా? దీని మీద జారితె ఎందుకు తెలువలే? బ్రేకు మంచిగనే ఉన్నదంటివి. తొక్కిన తొక్కిన అంటివి. నేలను తొక్కుతాన్నవ్! నేల మీద గుండీలున్నయా?"

"ఊకోయే. భయంల ఎవలకైన గట్లనే అయితది."

గుడ్డ తీసి, నీళ్ల సీసా వంచి, ఆ పలకను తుడిచి తుడిచి పెట్టాడు. కుంకుమ, పసుపు, నూనె అన్నీ పోయి అల్యూమినియం తెల్లగా మెరిసింది. పాదం కూడా కడుక్కున్నాడు. "ఇగ ఫికర్ లేదు" అన్నాడు.

నాకు ఒళ్లంతా కోపం. "నా బిడ్డ ఈ కారెక్కది" అన్నాను. "నువ్వు తోలితె ఎక్కది. ఇప్పుడే అల్లునికి ఫోన్ చేస్త."

ఆయన నా చేతిలోని ఫోను మీద చేయి వేశాడు. గుంజుకోలేదు, ఊరికే వేశాడు. "చెప్పకే. మగ్గం పోయింది. ఇది గూడ పోతె నేనేం జెయ్యాలె? నీ జీతం మీద కూసోని తినాల్నా? ఈ ఒక్కసారి. మెల్లగ తోలుత, సైకిల్ తీరుగ తోలుత. ఇంటికొచ్చినంక తాళం నీ చేతిల పెడ్త."

పెట్టడని నాకు తెలుసు. ఆ సంగతి ఆయనకూ తెలుసు. అంతలో ఫోనే మోగింది. బిడ్డ. "అమ్మా, ఏడిదాక వచ్చిండ్రు? మా అత్తమ్మ టైమైతాందని అంటాంది."

"వస్తానం బిడ్డా" అన్నాను. ఇంకేం అనగలను?

మిగతా దారంతా నేను హ్యాండ్ బ్రేకు మీది నుంచి చేయి తీయలేదు. ఆయన నిజంగానే సైకిలంత మెల్లగా తోలాడు, రోడ్డును ఒకసారి, పాదాన్ని ఒకసారి చూసుకుంటూ. ఎద్దుబండి కూడా మమ్మల్ని దాటిపోయేదేమో. నేను లోపల ఒకటే లెక్కలు వేసుకుంటున్నాను. అక్కడికి వెళ్లాక అల్లుణ్ణి పక్కకు పిలిచి చెప్పాలి. చెబితే ఈయన మళ్లీ మాట మానేస్తాడు. చెప్పకపోతే నా బిడ్డ, దాని కడుపులో బిడ్డ వెనక సీట్లో ఉంటారు. ఇందులో లెక్కలు వేయాల్సినదేమీ లేదని నాకు తెలుసు. అయినా నోరు ఎలా తెరవాలో తెలియలేదు.

బిడ్డ అత్తవారింట్లో అందరూ వాకిట్లోనే ఉన్నారు. వియ్యపురాలు కాళ్లకు నీళ్లిచ్చింది. విరిగిన సకినాలు చూసి ఏమీ అనలేదు, మంచి మనిషి. వియ్యంకుడు మా ఆయనను వరండాలో నిలబెట్టి పత్తి ధర గురించి మొదలుపెట్టాడు. ఈయన తలాడిస్తూ, అవసరం కంటే గట్టిగా నవ్వుతూ మాట్లాడుతున్నాడు. అల్లుడు బిడ్డ బ్యాగులు తెచ్చి కారులో సర్దుతున్నాడు. ఒక్క నిమిషం పిలిస్తే చాలు. "బాబూ" అని పిలిచాను కూడా. అల్లుడు తిరిగి చూశాడు. మా ఆయన మాట ఆపి నా వంక చూశాడు. "మెల్లగ పెట్టు బాబూ, అందుల గాజులున్నయ్" అన్నాను. మా ఆయన మళ్లీ పత్తి ధరలోకి వెళ్లిపోయాడు.

బిడ్డకు ఒడిలో బియ్యం పోసి, బొట్టు పెట్టి, ఇక లేవండి, వేళ మించిపోతోంది అని వియ్యపురాలు తొందరపెట్టింది. బిడ్డ కొత్త చీరలో, నిండు పొట్టతో మెల్లగా నడిచి వచ్చింది. అత్తకు మొక్కింది, మామకు మొక్కింది. తండ్రి దగ్గరికి వచ్చింది. ఆయన ఇంకా వియ్యంకుడి వైపే తిరిగి ఏదో చెబుతున్నాడు. బిడ్డకు వంగడం కుదరదు కదా. ఒక చేత్తో వరండా స్తంభం పట్టుకుని, పక్కకు ఒరిగి, కష్టపడి కిందికి దిగి, అందిన కాలి మీద రెండో చేయి వేసింది. అది కుడి కాలు.

"ఈయేడు పత్తి తీసుడే దండుగ బావా" అంటున్నాడు ఆయన. "కూలీలు దొరుకుతలేరు."

బిడ్డ అలాగే ఉంది. కాలు ముట్టినాక తండ్రి చేయి తల మీద పడుతుంది, చిన్నప్పటి నుంచీ అంతే. అందుకోసం ఎదురుచూస్తోంది. వేళ్లు పాదం మీద గట్టిగానే ఆనించింది. పొట్ట అడ్డమై ఊపిరి ఎగపోస్తోంది. ఆయన ఏదో అని నవ్వాడు. వియ్యంకుడు నవ్వలేదు, చూపు కిందికి దించాడు. వియ్యపురాలు నా వంక చూసింది. కారు దగ్గర అల్లుడు డిక్కీ మూయబోయి చేయి ఆపాడు. బిడ్డ తల ఎత్తి, "బాపూ" అంది మెల్లగా.

ఆయన చుట్టూ చూశాడు, గొంతు ఎక్కడి నుంచి వచ్చిందో తెలియనట్టు. మా ముఖాలు చూశాడు. తర్వాత కిందికి చూశాడు. తన పాదం మీద పరుచుకుని ఉన్న బిడ్డ చేతిని చూశాడు.

ఆయనకు నడుము నొప్పి అనో, ధ్యాసలో లేడనో ఏదో ఒకటి అని ఆయనను కాపాడాలనిపించింది. నోరు తెరిచాను. ఆయన నన్ను చేత్తో ఆపాడు. వంగి, బిడ్డను రెండు భుజాలు పట్టి లేపి నిలబెట్టి, తల మీద చేయి పెట్టాడు. ఆ చేయి అలా పెట్టి ఉంచే అడిగాడు.

"ఎంతసేపాయె బిడ్డా?"

కళ్లలో నీళ్లు తిరుగుతుంటే బిడ్డ తల అడ్డంగా ఊపింది, ఎంతోసేపు కాలేదన్నట్టు.

ఆయన చొక్కా జేబులోంచి కారు తాళం తీశాడు. అల్లుణ్ణి రమ్మని సైగ చేసి, వియ్యంకుడూ వియ్యపురాలూ చూస్తుండగానే దాన్ని అతని చేతిలో పెట్టాడు.

"నువ్వు తోలు అల్లుడా. నా కాలు నాకు తెలుస్తలేదు."